బీర్కూర్ మీది ఆకాశం: తెలుగు నేలపై చుక్కలు చూపించిన చరిత్ర

నలుగురినీ ఒకచోట నిలబెట్టి ఆకాశాన్ని చూపించే పద్ధతుల్లో తెలుగువారికి బాగా దగ్గరిది పెళ్లిలోని అరుంధతీ దర్శనం. తలంబ్రాలూ సప్తపదీ అయ్యాక పురోహితుడు వధూవరులను పందిరి బయటికి తీసుకొచ్చి, ఉత్తరం వైపు తిప్పి, సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కనున్న చిన్న చుక్కను చూపిస్తాడు. వెనక నిలబడ్డ చుట్టాలూ మెడలెత్తి దాన్ని వెతుకుతారు. వసిష్ఠుడు కాంతిలో రెండో తరగతి నక్షత్రం, అరుంధతి నాలుగో తరగతిది. రెండింటి మధ్య ఎడం చంద్రబింబం వెడల్పులో సగం కూడా ఉండదు. చూపు బాగుండి, ఆకాశం నల్లగా ఉంటేనే రెండూ విడివిడిగా కనిపిస్తాయి.

అరుంధతిని ఎకాఎకిన వేలుపెట్టి చూపించడం కుదరదు. ముందు సప్తర్షుల్లో నాలుగు పెద్ద చుక్కల చదరం, తర్వాత దాని వెనక తోకలా సాగిన మూడు చుక్కలు, ఆ మూడింటిలో నడిమిది వసిష్ఠుడు, అతణ్ణి అంటిపెట్టుకుని అరుంధతి. ఇదీ వరస. పెద్దదాన్ని పట్టుకుని చిన్నదాని దగ్గరికి వెళ్లే ఈ తోవకు శాస్త్ర చర్చల్లో స్థూలారుంధతీ న్యాయమని పేరు వచ్చింది. వేదాంత పండితులు దాన్ని బ్రహ్మజ్ఞానానికి ఉదాహరణగా వాడుకున్నారు గాని, అది మొదట ఆకాశం చూపించేవాడి పనితనం. ఇవాళ ఏ పార్కులోనైనా టెలిస్కోపు పక్కన నిలబడి జనానికి నక్షత్రాలు చూపించే మనిషి చేసేది సరిగ్గా ఇదే.

కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజన్‌లోని బీర్కూర్ దాదాపు పద్దెనిమిదిన్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ వైశాఖ మాసపు పెళ్లిళ్ల కాలంలో రాత్రి ఎనిమిదింటికే సప్తర్షులు ఉత్తరాన మంచి ఎత్తులో ఉంటారు. కార్తీక మాసపు పెళ్లిలో అదే వేళకు అరుంధతి దిగంతం కింద ఉంటుంది, అర్ధరాత్రి దాటాకే పైకి వస్తుంది. పగటి ముహూర్తమైతే ఇక చెప్పేదేముంది. పురోహితుడు చూపుతాడు, పెళ్లికూతురు కనిపించిందంటుంది, తంతు పూర్తవుతుంది. ఆచారం ఇంతకాలం నిలవడం గొప్ప విషయమే. పక్క ఊరి కల్యాణమండపంలోనైనా ఒక్క పెళ్లికి నిజంగా చుక్క కనిపించే వేళ చూసి, దీపాలు కాసేపు ఆపి చూపిస్తే ఆ తంతుకు అసలు అర్థం దక్కుతుంది.

ఆకాశంతో బీర్కూర్ ప్రాంతపు రైతుకు ఉన్న రెండో చుట్టరికం కార్తెలు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక ఈ భూములకు కాలువ నీళ్లు వచ్చాయి, వరి స్థిరపడింది. నీళ్లు కాలువవి అయినా లెక్క మాత్రం చుక్కలదే. సూర్యుడు ఏడాదిలో 27 నక్షత్రాల మీదుగా సాగుతాడు. ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర ప్రవేశిస్తాయి. రోహిణిలో ఎండ, మృగశిరలో తొలకరి, ఆరుద్రలో నాట్ల తొందర అని పల్లెలో ఎవరిని అడిగినా చెబుతారు. మృగశిర ప్రవేశించిన రోజు చేపలకు గిరాకీ ఎంతుంటుందో బాన్సువాడ సంతలో చూడవచ్చు.

ఇక్కడ బోధనకు పనికొచ్చే గొప్ప చిక్కుముడి ఒకటుంది. మృగశిర కార్తెలో మృగశిర నక్షత్రం ఆకాశంలో కనిపించదు. సూర్యుడు ఆ చుక్కల దగ్గరే ఉన్నాడు కాబట్టి అవి సూర్యుడితో పాటే ఉదయించి సూర్యుడితో పాటే అస్తమిస్తాయి, పగటి వెలుగులో కలిసిపోతాయి. ఆరు నెలలు ఆగితే, మార్గశిర మాసంలో, అవే చుక్కలు పొద్దుగూకగానే తూర్పున లేచి తెల్లవార్లూ కనిపిస్తాయి. నిండు చంద్రుడు ఆ నక్షత్రం దగ్గర నిలుస్తాడు కనుకే ఆ నెలకు ఆ పేరు. కార్తీకానికి కృత్తిక, మాఘానికి మఖ కూడా అంతే. అంటే కార్తె సూర్యుడి లెక్క, మాసం పేరు చంద్రుడి లెక్క. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందనే పాఠానికి తెలంగాణ పల్లె బడిలో ఇంతకంటే దగ్గరి దారి లేదు. పాఠ్యపుస్తకాలు అవే చుక్కలను గ్రీకు వేటగాడి కథతో మొదలుపెట్టి ఈ దారిని వదిలేస్తున్నాయి.

పల్లెల్లో చుక్కలకు తమవైన పేర్లున్నాయి. ఒకే వరుసలో నిలిచిన మూడు చుక్కలు గొల్లకావడి. కృత్తికల గుంపు పిల్లలకోడి. సప్తర్షుల్లో చదరం ముసలమ్మ మంచం, వెనకనున్న ముగ్గురు దాన్ని ఎత్తుకుపోయే దొంగలు. తెల్లవారుజామున వేగుచుక్కను చూసి ఎడ్లబండ్లు కట్టేవారు. కళ్లంలో కుప్పకు కాపలా పడుకున్న తాతే పిల్లలకు ఈ పేర్లన్నీ నేర్పిన గురువు. పండుగలూ ఇందులో భాగమే. రంజాన్ నెలవంక కోసం పడమటి దిక్కున చూసే గుంపు, అట్లతద్దె నాడు చంద్రోదయం కోసం కాచుకునే ఆడపిల్లలు, వినాయక చవితి నాడు మాత్రం చంద్రుణ్ణి చూడకూడదని తలలు వంచుకునే ఇంటిల్లిపాదీ. చవితి రోజు విగ్రహం మీద కట్టే పాలవెల్లి ఆకాశానికే గుర్తు.

ఈ చూపు ఎంత పాతదో చెప్పే ఆధారం కృష్ణ ఒడ్డున ఉంది. నారాయణపేట జిల్లా ముడుమాల్ దగ్గర ఇనుపయుగపు నిలువురాళ్లు వరసలుగా నిలబడి ఉన్నాయి. అయనాంత దినాల్లో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులతో వాటి వరసలు సరిపోతున్నాయని, ఒక బండ మీది గుంటలు సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయని పరిశోధకులు గుర్తించారు. 2025లో ఈ స్థలం యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది.

టెలిస్కోపు తెలుగు నేల మీదికి సముద్రపు ఒడ్డున దిగింది. విశాఖపట్నం జమీందారీ కుటుంబానికి చెందిన గోడే వెంకట జగ్గారావు మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840లో తన ఇంటి ఆవరణలోనే వేధశాల కట్టుకున్నారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. గ్రహణాలనూ, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా సాగిన శుక్రగ్రహాన్నీ పరిశీలించి లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి రాశారు. ఆ వేధశాల నుంచి ఊరికి నేరుగా అందిన మేలు ఒకటుంది: డాల్ఫిన్స్ నోస్ కొండ మీది జెండా. నక్షత్రాలను చూసి సరిచేసిన గడియారం ప్రకారం ఆ జెండా ఓడలకూ పట్టణానికీ వేళ తెలిపేది. పైన చుక్కలు చూసిన మనిషి కింద ఉన్నవారికి ఏమివ్వగలడనే ప్రశ్నకు అది ఆనాటి జవాబు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం దక్కన్ మీదుగా గుంటూరు, మచిలీపట్నం వైపు సాగింది. గుంటూరులో చీకటి అయిదు నిమిషాలకు పైగా నిలిచింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, బ్రిటిష్ అధికారి టెనెంట్ అక్కడే డేరాలు వేశారు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నారు. సూర్యుడి అంచు నుంచి లేచే జ్వాలల కాంతిని వర్ణపట దర్శినితో చూసినప్పుడు పసుపుపచ్చ గీత ఒకటి కనిపించింది. మొదట సోడియం గీత అనుకున్నారు. అది భూమి మీద అప్పటికి ఎవరికీ తెలియని మూలకానిదని తర్వాత తేలింది. హీలియం అన్న దాని పేరు బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ పెట్టినది. 1895లో రసాయన శాస్త్రవేత్త రామ్సే దాన్ని భూమి మీద పట్టుకున్నారు. జాన్సెన్ మరునాడే, గ్రహణం లేకుండానే, సూర్యజ్వాలలను చూసే ఉపాయం గుంటూరులోనే కనిపెట్టారు.

అదే గ్రహణానికి మద్రాసు వేధశాల రెండో బృందం నిజాం రాజ్యంలోని వనపర్తికి వచ్చింది. దాని నాయకుడు చింతామణి రఘునాథాచారి. పంచాంగకర్తల కుటుంబంలో పుట్టి, ఆ వేధశాలలో మొదటి సహాయకుడిగా ఎదిగి, 1867లో ఆర్ రెటిక్యులి అనే చరనక్షత్రాన్ని కనిపెట్టిన మనిషి. ఈ చరిత్రలో ఆయన స్థానం ఆ నక్షత్రం వల్ల రాలేదు. 1874 శుక్ర సంక్రమణం గురించి ముందుగానే జనానికి చెప్పాలని పూనుకుని, ఆయన చిన్న పుస్తకం రాసి పలు భారతీయ భాషల్లో తెచ్చారు. ఒక పండితుడూ ఒక సిద్ధాంతీ మాట్లాడుకుంటున్నట్టు విషయం నడుస్తుంది. కొత్త లెక్కలు పాత సిద్ధాంతాలకు విరోధం కావని, పంచాంగం ఆకాశంతో సరిపోకపోతే పంచాంగాన్నే దిద్దుకోవాలని ఆయన వాదన. దృగ్గణిత పంచాంగం వేసి ఆ మాట చేసి చూపారు. సొంత వేధశాల ఒకటి కట్టి మనవాళ్లకు నేర్పాలని సభల్లో అడిగారు. 1880లో పోయేనాటికి అది జరగలేదు. తెలుగు, తమిళ దేశాల్లో ప్రజలకు ఖగోళం చెప్పాలన్న ఆధునిక ప్రయత్నం ఆయనతోనే మొదలైందని చెప్పడం న్యాయం. ఆయన చూపింది టెలిస్కోపులోంచి కాదు; రాబోయే ఘటనకు కళ్లను ముందే సిద్ధం చేశారు.

నిజాం రాజ్యంలో ఈ అభిరుచి పాయిగా నవాబుల కుటుంబాలది. షంసుల్ ఉమరా బిరుదున్న నవాబు ఫక్రుద్దీన్ ఖాన్ పంతొమ్మిదో శతాబ్దం తొలిసగంలోనే పాశ్చాత్య శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి సొంత ముద్రణాలయం పెట్టారు. అదే వంశానికి చెందిన నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించి, 1901లో హైదరాబాద్ ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల నెలకొల్పారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరు వచ్చింది. తన తర్వాత దాన్ని ప్రభుత్వం తీసుకోవాలని కోరిన జఫర్ జంగ్ 1907లో మరణించారు. 1908లో సర్కారు దాన్ని స్వీకరించింది. ఆర్థర్ చాట్‌వుడ్ మొదటి డైరెక్టర్. తర్వాత వేధశాల బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమైంది.

నిజామియాకు దక్కిన పెద్ద పని ఆకాశ పటం. 1887లో పారిస్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫొటోలు తీయాలి. చిలీలోని శాంటియాగోకు కేటాయించిన దక్షిణ ఆకాశపు పట్టీ, మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీలది, చివరికి హైదరాబాద్‌కు వచ్చింది. ఎనిమిది అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో పోకాక్, ఆయన తర్వాత 1918లో డైరెక్టరైన టి.పి. భాస్కరన్ ఆ పని నడిపారు. రాత్రి గాజు ప్లేటు మీద నక్షత్రకాంతి పడనివ్వడం, పగలు ఆ ప్లేటును సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక్కొక్క చుక్క స్థానాన్ని కొలిచి పుస్తకంలో ఎక్కించడం. లక్షల చుక్కలు అలా లెక్కకెక్కాయి. ఆ కొలతలు నక్షత్రాల కదలికలు తేల్చడానికి ఇప్పటికీ పనికొస్తున్నాయి. అయితే ఇది స్వభావరీత్యా జనానికి దూరమైన పని. గుమ్మటంలో దీపం వెలిగితే ప్లేటు పాడవుతుంది. గుంపును లోపలికి పిలవడానికి వీల్లేదు.

ఆ గుమ్మటం నీడలో పెరిగిన ఒక కుర్రవాడి కథ మాత్రం వేరు. నిజామియాలో పనిచేసిన సునన్న బప్పు కొడుకు వేణు బప్పు. తండ్రి వెంట టెలిస్కోపు దగ్గరికి వెళ్లి, నిజాం కాలేజీలో చదువుతూనే చరనక్షత్రాలను పరిశీలించి వ్యాసాలు రాశాడు. అమెరికా ఖగోళ శాస్త్రవేత్త హార్లో షాప్లీ హైదరాబాద్ వచ్చినప్పుడు కలుసుకున్నాడు. రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ చేరి 1949లో తోకచుక్కను కనిపెట్టాడు. అది బప్పు-బాక్-న్యూకిర్క్ పేరుతో ప్రసిద్ధమైంది. తర్వాత తమిళనాడులోని కావలూరు వేధశాలను కట్టిన బప్పు ఇతడే. అక్కడి 93 అంగుళాల టెలిస్కోపుకు 1986లో ఆయన పేరే పెట్టారు. చిన్నప్పుడు ఒక్కసారి సరైన మనిషి పక్కన నిలబడి ఆకాశం చూడటం దేశపు శాస్త్రాన్ని ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి హైదరాబాద్‌లో ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

నగరం పెరిగి బేగంపేట రాత్రులు తెల్లబడటంతో ఉస్మానియా ఖగోళశాఖ కొత్త చోటు వెతుక్కుంది. హైదరాబాద్‌కు యాభై కిలోమీటర్లకు పైగా దూరాన జపాల్, రంగాపూర్ గ్రామాల మధ్య గుట్ట మీద 48 అంగుళాల టెలిస్కోపు 1968లో నిలబడింది. జంట నక్షత్రాల మీద మంచి పరిశోధన అక్కడ జరిగింది. వెలుగు తరుముకొస్తే వేధశాలే ఊరు విడిచిపోయింది. ఆ తర్వాత రాజధాని శివార్లు అటు కూడా సాగాయి.

జనం వైపు చూస్తే ఇదే కాలంలో భయానిదే పైచేయి. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు గురజాడ అప్పారావు ‘ముత్యాల సరాలు’లో దాన్ని అరిష్టంగా కాక, కొత్త కాలానికి సంకేతంగా చూశారు. ఆ చూపు కవిత్వం దాటి వీధిలోకి రావడానికి చాలాకాలం పట్టింది. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి అన్నప్పుడు ప్రళయం వస్తుందని దేశమంతటా యజ్ఞాలు చేశారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మళ్లీ తెలుగు నేల మీదుగా సాగింది. జపాల్-రంగాపూర్ సరిగ్గా ఛాయామార్గంలో ఉంది, దేశవిదేశాల శాస్త్రవేత్తలు అక్కడికి చేరారు. మధ్యాహ్నం నాలుగు కావొస్తుండగా సూర్యుడు మాయమై కిరీటం వెలిగింది. ఆ వేళకు పట్టణాల వీధులు నిర్మానుష్యం. కళ్లు పోతాయని పెద్దలు తలుపులు వేసుకున్నారు. జనాన్ని ఇళ్లలోనే ఉంచడానికి దూరదర్శన్ హిందీ సినిమా వేసింది. గుట్ట మీద శాస్త్రం, కింద మూసిన తలుపులు. 1874లో రఘునాథాచారి చేసినట్టు ముందుగా చెప్పి సిద్ధం చేసేవారు 1980లో చాలినంతమంది లేరు. నల్లటి వెల్డింగ్ అద్దం ఒక్కటి చేతికిచ్చి ఉంటే ఒక తరం మొత్తం జీవితంలో ఒకేసారి దొరికే దృశ్యాన్ని చూసేది. ఆ నష్టం చిన్నది కాదు.

మార్పు రెండు వైపుల నుంచి వచ్చింది. 1985 సెప్టెంబరులో హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బి.ఎం. బిర్లా నక్షత్రశాలను ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రారంభించారు. గుమ్మటం కింద కుర్చీ వెనక్కి వాల్చుకుని, తెలుగు వ్యాఖ్యానం వింటూ ఆకాశాన్ని చూడటం జిల్లాల నుంచి విహారయాత్రకు వచ్చిన బడిపిల్లలకు మరపురాని అనుభవమైంది. ఆ మరుసటి ఏడాదే హేలీ మళ్లీ వచ్చింది. రెండో వైపు 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక. బడి పంతుళ్లు, డాక్టర్లు, విద్యార్థులు ఊరూరా తిరిగి గ్రహణం అంటే నీడేనని బంతులతో, దీపంతో చూపించారు. గ్రహణ సమయంలో జనం ముందు నిలబడి టిఫిన్లు తిన్నారు, తినిపించారు. వారి పిల్లల మాసపత్రిక ‘చెకుముకి’ పల్లె బడుల్లోకి వెళ్లింది. 1995 అక్టోబరు గ్రహణం, 1997 వేసవి సాయంత్రాల్లో వారాల తరబడి కనిపించిన హేల్-బాప్ తోకచుక్క, 2004 జూన్ 8, 2012 జూన్ 6 నాటి శుక్ర సంక్రమణాలు ఒక్కొక్కటీ వీధిలో టెలిస్కోపు పెట్టడానికి సందర్భాలయ్యాయి. 130 ఏళ్ల క్రితం నరసింగరావు ఒంటరిగా చూసిన దృశ్యాన్ని 2004లో బడిపిల్లలు తెల్ల అట్ట మీద ప్రతిబింబంగా పడేసుకుని చూశారు.

టెలిస్కోపును వీధిలోకి, అక్కణ్ణుంచి పార్కులోకి తెచ్చిన కథకు ప్రపంచంలో ఇద్దరి పేర్లు ముఖ్యం. లాస్ ఏంజెలెస్ ధనికుడు గ్రిఫిత్ పెద్ద టెలిస్కోపులోంచి ఒకసారి ఆకాశం చూసి, ఇది అందరూ చూడాలని పట్టుబట్టి, తాను నగరానికిచ్చిన పార్కులో ప్రజా వేధశాలకు డబ్బు రాసిపెట్టారు. ఆయన పోయాక 1935లో అది తెరుచుకుంది. ఇప్పటికీ అక్కడి టెలిస్కోపులో చూడటానికి రుసుము లేదు. రెండో మనిషి జాన్ డాబ్సన్. అమెరికాలో రామకృష్ణ మఠ సంప్రదాయపు వేదాంత ఆశ్రమంలో ఇరవై ఏళ్లకు పైగా సన్యాసిగా ఉండి, పాత గాజు నుంచి అద్దాలు అరగదీసి, అట్టగొట్టాలతో, చెక్కపెట్టెలతో టెలిస్కోపులు చేశారు. 1967లో ఆశ్రమం వదిలి, మరుసటేడు మిత్రులతో కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిబాట మీద దారినపోయేవారికి చంద్రుణ్ణి చూపడం మొదలుపెట్టారు. తర్వాత అదే పరికరాలను జాతీయ పార్కులకు తీసుకెళ్లారు. వడ్రంగి చేయగల ఆ చెక్కపీఠం ఆయన పేరుతోనే ఇవాళ ప్రపంచమంతా వాడుకలో ఉంది. మన బడుల్లో, సంఘాల్లో కనిపించే పెద్ద టెలిస్కోపుల్లో చాలావరకు ఆ నమూనావే.

చీకటినే కాపాడుకోవాల్సిన సంపదగా గుర్తించడం తర్వాతి మెట్టు. 2007లో అమెరికాలో ఉటా రాష్ట్రపు నేచురల్ బ్రిడ్జెస్ మొదటి అంతర్జాతీయ చీకటి ఆకాశ పార్కు అయింది. మన దేశంలో 2022లో లద్దాఖ్‌లోని హాన్లే చుట్టూ చీకటి ఆకాశ రక్షణ ప్రాంతం ఏర్పడింది. 2024లో మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి దేశంలో తొలి చీకటి ఆకాశ పార్కు గుర్తింపు దక్కింది. హాన్లేలో భారత ఖగోళ భౌతిక సంస్థ చేసిన పని తెలంగాణకు ఎక్కువగా పనికొస్తుంది. చుట్టుపక్కల పల్లెల యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, టెలిస్కోపులు చేతికిచ్చింది. యాత్రికులు వాళ్ల ఇళ్లలో దిగుతారు, రాత్రి వాళ్లే ఆకాశం చూపిస్తారు. చీకటి నిలిస్తే వాళ్లకు బతుకుతెరువు నిలుస్తుంది కాబట్టి కిటికీకి తెర వేయమని ఎవరూ చెప్పాల్సిన అవసరం రాదు.

బీర్కూర్ లాంటి చోట పార్కు అంటే పల్లె ప్రకృతి వనం. 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద తెలంగాణ గ్రామ పంచాయతీల్లో ఈ వనాలు వచ్చాయి. ఊరికి కాస్త ఎడంగా, నడకబాట, నడుమ ఖాళీ జాగా, చుట్టూ మొక్కలు. ఆకాశ పరిశీలనకు కావలసినవి దాదాపు ఇవే. ఒక్క చిక్కు దీపాలది. వీధుల్లో వచ్చిన తెల్లని ఎల్.ఇ.డి. వెలుగులో నీలికాంతి ఎక్కువ. అది గాలిలో ఎక్కువగా చెదిరి ఆకాశాన్ని తెల్లబరుస్తుంది. కూడలిలో హైమాస్ట్ దీపం వెలిగితే అరుంధతి పోతుంది, పాలపుంత ముందే పోయి ఉంటుంది. దీపాలు తీసేయమని ఊరిని అడగనక్కర్లేదు. పైకి పోయే వెలుగును మూత వేసి కిందికి తిప్పితే, పసుపు రంగు బల్బు పెడితే, వీధి ఇంకా బాగా కనిపిస్తుంది, ఆకాశమూ మిగులుతుంది.

కార్యక్రమం నడిపే పద్ధతి అనుభవంతో స్థిరపడింది. మొదటి నిర్ణయం తిథి. చంద్రుణ్ణి చూపాలంటే శుక్ల షష్ఠి నుంచి దశమి దాకా మంచిది. అప్పుడు వెలుగుచీకట్ల సరిహద్దులో గుంటల నీడలు పొడుగ్గా పడి, కొండల అంచులు స్పష్టంగా తేలతాయి. పున్నమి చంద్రుడు కంటికి అందమే గాని టెలిస్కోపులో నీడ లేక చదునుగా కనిపిస్తాడు. పాలపుంతకూ మబ్బులాంటి నక్షత్రగుచ్ఛాలకూ అమావాస్య ముందువెనక రాత్రులు కావాలి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. ఒక్క సెల్‌ఫోన్ వెలిగితే అదంతా మళ్లీ మొదటికి. అందుకే నిర్వాహకులు టార్చికి ఎర్ర గాజుకాగితం చుట్టుకుంటారు.

వరి పొలాల నడుమ మరో ఇబ్బంది మంచు. పుష్య మాసంలో రాత్రి తొమ్మిది దాటేసరికి నీళ్లు పెట్టిన మళ్ల మీది తేమ టెలిస్కోపు అద్దం మీద సన్నగా పేరుకుని బృహస్పతి మసకబారుతాడు. గుడ్డతో తుడిస్తే అద్దం పూత గీతలు పడుతుంది. గొట్టం మూతికి నల్ల అట్టను చుట్టి జానెడు పొడుగు తొడుగు వేయడం దీనికి చవకైన మందు. కోతల తర్వాత కొయ్యకాళ్లు తగలబెట్టే వారాల్లో పొగ దిగంతం దగ్గర పేరుకుంటుంది. ఆ రోజుల్లో నెత్తి మీది చుక్కలతోనే సరిపెట్టుకోవాలి. జూన్ నుంచి అక్టోబరు తొలివారాల దాకా వానాకాలం సెలవే.

చూపించే క్రమంలో మొదటి పాఠానికి పరికరం అక్కర్లేదు. చెయ్యి బారచాపి పిడికిలి బిగిస్తే ఆకాశంలో దాని వెడల్పు పది డిగ్రీలు. బీర్కూర్‌లో ధ్రువనక్షత్రం ఉత్తర దిగంతం నుంచి రెండు పిడికిళ్లకు కొంచెం తక్కువ ఎత్తులో ఉంటుంది. ఊరి అక్షాంశం ఎంతో ధ్రువుడి ఎత్తూ అంతే; పదేళ్ల పిల్ల తన చేత్తో తన ఊరి చోటును భూగోళం మీద కొలుచుకోవచ్చు. మాఘ మాసపు రాత్రి తొమ్మిది ప్రాంతంలో వెనక్కి తిరిగితే దక్షిణాన అగస్త్యుడు, ఆకాశంలో సిరియస్ తర్వాత అంత వెలుగున్న నక్షత్రం, దాదాపు అదే ఎత్తులో కనిపిస్తాడు. ఢిల్లీలో ఆ చుక్క ఒక పిడికిలి కూడా లేవదు. మే నెల రాత్రుల్లో త్రిశంకువు దక్షిణ దిగంతానికి పిడికిలి ఎత్తున తేలుతుంది. దక్కనులో పుట్టినవారికి ఉత్తర దక్షిణ ఆకాశాలు రెండూ దక్కుతాయని చెప్పడానికి పుస్తకం అవసరం లేదు.

ఆ తర్వాత బైనాక్యులర్‌తో కృత్తికలు. కంటికి ఆరేడు చుక్కలున్న పిల్లలకోడి కింద పదుల కొద్దీ పిల్లలు బయటపడతాయి. టెలిస్కోపు వంతు వచ్చాక వసిష్ఠుడే మొదట: అరుంధతి కాక, వసిష్ఠుడే మళ్లీ రెండు చుక్కలుగా విడిపోతాడు. పదిహేడో శతాబ్దంలో యూరప్‌లో తొలిసారి గమనించిన ఈ జంట, పెళ్లి మంత్రాలు విన్న ప్రతివారినీ ఆశ్చర్యపరుస్తుంది. బృహస్పతి పక్కన నాలుగు ఉపగ్రహాలు వరసగా కనిపిస్తాయి. గంట తర్వాత మళ్లీ చూస్తే వాటి చోటు మారినట్టు తెలుస్తుంది. శనివలయం చూసినవారిలో కొందరు గొట్టం ముందు కాగితం బొమ్మ అతికించారేమో అని తొంగి చూస్తారు. భూమి తిరుగుతుండటం వల్ల ఆ బొమ్మ నిమిషం లోపే చూపు అంచు నుంచి జారిపోతుంది. నిర్వాహకుడు గొట్టాన్ని వెంట్రుకవాసి జరిపి మళ్లీ నడిమికి తెస్తాడు. ఆ జరపడమే భూభ్రమణానికి పాఠం. వరసలో నిలబడ్డ ప్రతి మనిషికీ దాన్ని ఒకసారి చేయనిస్తే మాటలతో చెప్పే పని తగ్గుతుంది.

పగటిపూట కూడా ఈ కార్యక్రమానికి ఒక భాగం ఉంది. మే రెండో వారం చివరలో, మళ్లీ జూలై నెలాఖరులో, బీర్కూర్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలిచి నిటారుగా పాతిన కర్రకు నీడ లేకుండా పోతుంది. హైదరాబాద్‌లో ఈ రోజులు మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో వస్తాయి. రెండు ఊళ్ల బడులు ఒకే రోజు మధ్యాహ్నం తమ తమ కర్రల నీడలు కొలిచి ఫోనులో చెప్పుకుంటే, రెండువేల ఏళ్లకు పూర్వం ఈజిప్టులో ఎరటోస్తనీస్ చేసినట్టు భూమి చుట్టుకొలత లెక్కగట్టవచ్చు. దానికి కావలసినవి రెండు కర్రలు, రెండు టేపులు, ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం.